అన్నీ ముందే ఉన్నాయట

ఢాకాలో పేరున్న వకీలొకాయన మేఘనాద్ సాహాను ఏం పరిశోధన చేస్తున్నావని అడిగాడు. సాహాది అప్పుడు ఉడుకు వయసు. సూర్యుడిలో, నక్షత్రాల్లో ఏముందో వాటి వెలుగును బట్టి ఎలా చెప్పవచ్చో హుషారుగా వివరించాడు. వకీలు మధ్యమధ్య అడ్డుపడి, ఇందులో కొత్తేముంది, ఇదంతా వేదంలో ఉన్నదేగా అంటూ వచ్చాడు. ఎక్కడుందో కాస్త చూపించమని సాహా అడిగితే, తాను వేదం చదవలేదనీ, మీరు కొత్తగా కనిపెట్టామనుకునేవన్నీ అందులో ఉండే ఉంటాయని తన నమ్మకమనీ బదులిచ్చాడు. సాహా 1938లో అలహాబాదు నుంచి కలకత్తా విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చాడు. ఆ ఏడాదే శాంతినికేతన్‌లో ఆయన చేసిన ప్రసంగాన్ని పాండిచ్చేరి అరవిందాశ్రమానికి చెందిన అనిల్‌బరన్ రాయ్ తప్పుపట్టాడు. దానికి జవాబుగా ‘భారతవర్ష’ అనే బెంగాలీ మాసపత్రికలో రాసిన వ్యాసంలోకి ఈ వకీలును తీసుకొచ్చాడు సాహా. వేదాన్ని ‘బ్యాద్’ అని పలికిన ఆయన తూర్పు బెంగాల్ యాసతో సహా ఆ మాట బెంగాలీలకు సామెతైపోయింది. తెలుగువాళ్ళకూ ఈ వెటకారం కొత్తది కాదు. క్రియ చివర ఒక్క ‘ష’ తగిలించి, బెంగాలీ వాక్యమంత పనీ మనం ఆ అక్షరంతో కానిచ్చేస్తాం.

ఆ ‘ష’కు మామూలు రూపమైన ‘ట’ దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో ‘ఉన్నాయి’ వేరు, ‘ఉన్నాయట’ వేరు. మొదటిదానికి చెప్పేవాడు పూచీ పడతాడు. రెండోది ఎవరో చెప్పగా విన్నది. మనబోటి వాళ్ళకు అంతరిక్షం గురించి తెలిసినదంతా నిజానికి ‘ట’ కోవలోదే. చంద్రుడి మీద నీటి జాడ ఉందట. దక్షిణ ధ్రువం దగ్గర నేల పైపొర 50 డిగ్రీలదాకా వేడెక్కితే, 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 డిగ్రీలుందట. 2023 ఆగస్టులో చంద్రయాన్-3 దింపిన పరికరం ఆ లెక్క పంపినప్పుడు, పైపొర అంత వేడిగా ఉంటుందని తాము అనుకోలేదని ఇస్రో శాస్త్రవేత్తలే చెప్పారు. ఇలాంటి వార్త వచ్చిన రోజున ఆకాశమంటే మోజున్న నలుగురు ఒకచోట చేరితే ఒకరు ఆశ్చర్యపోతారు, ఒకరు అనుమానిస్తారు, మూడోవారు మాత్రం తప్పకుండా ఆ వకీలవుతారు. చంద్రుడు జలగ్రహమని మన జ్యోతిషం ఎప్పుడో చెప్పలేదా అంటారు. ఈ మూడోవారి మాట విజ్ఞానానికి ఎంత చేటో చెప్పినవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఆ మాట వేదానికే అపచారం. శాస్త్రాన్ని నమ్మేవారికంటే ముందు శ్రుతిని నమ్మేవారే దాన్ని కాదనాలి.

ఎందుకంటే వేదం ఏ విషయంలో ప్రమాణమో హద్దు గీసింది నాస్తికులు కాదు, మీమాంసకులు. కంటితో చూసో, ఊహించో తెలుసుకోగలిగిన దానికి వేదం అక్కర్లేదు. మరే దారినా తెలియని ధర్మం విషయంలోనే అది ప్రమాణం. ప్రమాణం అంటేనే అంతవరకూ తెలియని దాన్ని తెలియజేసేది. వేరే దారిలో తెలిసే సంగతిని వేదం చెప్పినా దాన్ని ‘అనువాదం’ అన్నారు. మనం ఇవాళ భాషాంతరానికి వాడుకునే మాటే, కానీ వాళ్ళ దృష్టిలో ఉన్నదాన్ని తిరిగి చెప్పడమని అర్థం. అలా తిరిగి చెప్పిన చోట వేదానికి స్వతంత్ర ప్రామాణ్యం లేదు. లోకంలోని వస్తువులను వర్ణించే వాక్యాలను చాలావరకు అర్థవాదం కింద, అంటే ఒక విధిని పొగిడి పనికి పురికొల్పే మాటల కింద లెక్కగట్టారు. మీమాంసకులతో అడుగడుగునా తగాదా పడిన శంకరాచార్యులు కూడా ఇక్కడ వాళ్ళ పక్షమే. నిప్పు చల్లనిదని, వెలుగునివ్వదని నూరు శ్రుతులు చెప్పినా అవి ప్రమాణం కావని గీతాభాష్యం చివరి అధ్యాయంలో రాశారు. దీన్నిబట్టి చంద్రుడి నేలలో ఎంత నీరుందన్నది వేదం తేల్చే విషయమే కాదు. తేల్చిందని వాదించేవారు వేదాన్ని వర్ణపటమాపకానికి పోటీగా నిలబెడుతున్నారు. ఆ పోటీలో వేదం గెలిచినా తెలిసిన సంగతిని తిరిగి చెప్పిన గ్రంథమే అవుతుంది. ఓడితే సంగతి చెప్పనక్కర్లేదు.

జలగ్రహం మాటే చూద్దాం. చంద్రుడు జలమయుడని ఆర్యభటుడు 499 నాటి తన గ్రంథంలో నిజంగానే రాశాడు. చంద్రయాన్-1 మీద వెళ్ళిన పరికరం నీటి జాడ పట్టిందని 2009 సెప్టెంబరులో ప్రకటించారు. రెండూ పక్కపక్కన పెట్టగానే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆ పరికరం చూసిన పైపొర మట్టి టన్ను తవ్వితే మహా అయితే సుమారు లీటరు నీళ్ళు, మన ఎడారుల కంటే ఎండు నేల. ఆర్యభటుడు చెప్పింది మట్టిలో తేమ గురించి కాదు, చంద్రబింబమే నీరని. ఆ అర్థంలో ఆయన పొరబడ్డాడు. అదే శ్లోకాల వరసలో గ్రహణం రాహువు మింగడం వల్ల కాదు, నీడ వల్ల వస్తుందని చెప్పి ఒప్పయ్యాడు. భూమి తన చుట్టూ తాను తిరుగుతోందనీ అన్నాడు. దీనికి ఆయనకు దక్కిందేమిటి? 628లో బ్రహ్మగుప్తుడు భూభ్రమణాన్ని ఎగతాళి చేశాడు. రాహువు లేడనడం వేదానికీ స్మృతికీ విరుద్ధమని మందలించాడు కూడా. చిత్రమేమిటంటే ఆ బ్రహ్మగుప్తుడే గ్రహణాల లెక్క మాత్రం నీడతోనే కట్టాడు. నాలుగు వందల ఏళ్ళ తర్వాత అల్ బిరూనీ ఇది చదివి తెల్లబోయి, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందన్న జంకుతో ఇలా రాసి ఉంటాడా అని అనుమానించాడు. అన్నీ ముందే వేదంలో ఉండి ఉంటే ఈ జగడానికి తావే లేదు. ‘మన పూర్వులకు అన్నీ తెలుసు’ అనే గంపగుత్త పొగడ్త కింద ముందుగా నలిగిపోయేది ఆర్యభటుడే. 23 ఏళ్ళ వయసులో లోకానికి ఎదురు చెప్పినవాణ్ణి ఎవరో చెప్పిందే వల్లెవేసినవాడిగా మార్చేస్తుంది ఆ పొగడ్త.

ఇక్కడ లెక్కల మనిషి ఒకరు లేచి కల్పం సంగతి అడుగుతారు. బలమైన ప్రశ్నే. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లు అంటోంది నేటి భూగర్భశాస్త్రం. ఇంత దగ్గరగా రావడం కాకతాళీయమా? కార్ల్ సేగన్ అంతటివాడు కూడా ఈ పోలికను మెచ్చుకున్నాడు. కానీ 432 కోట్లు మొత్తం కల్పం నిడివి, ఇప్పటికి గడిచిన కాలం కాదు. పూజకు కూర్చుని సంకల్పం చెప్పుకునే ప్రతివారూ ఇది శ్వేతవరాహ కల్పంలో ఏడవదైన వైవస్వత మన్వంతరమని పలుకుతూనే ఉంటారు, కానీ కూడి చూసుకోరు. ఆ లెక్కన ఈ సృష్టి మొదలై గడిచింది సుమారు 197 కోట్ల సంవత్సరాలు. అంటే భూమి వయసుతో పోల్చాల్సిన అంకె సగానికి కూడా రాదు. పైగా ఈ కాలమానాన్ని అందించే పురాణ వాఙ్మయంలోనే భాగవతం చంద్రుణ్ణి సూర్యుడికి లక్ష యోజనాల పైన కూర్చోబెట్టింది. తగిలిన బాణాన్ని చూపించి తగలని వాటిని వెనక దాచుకోవడం విలువిద్య అనిపించుకోదు. అయినా ఆ అంకెల్లో గొప్ప లేదని కాదు. బైబిలు లెక్కన ప్రపంచం వయసు ఆరువేల ఏళ్ళేనని యూరప్ పండితులు తేదీలతో సహా తేలుస్తున్న కాలంలో కూడా కోట్ల సంవత్సరాల ఊహకు జంకని మనసు ఇక్కడ ఉంది. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు. దాన్ని కొలతగా చలామణీ చేయడమే తప్పు.

రెండో అభ్యంతరం ఇంతకంటే లోతైనది, కలకత్తాకు మరీ దగ్గరిది. ఆ వకీలు మాట మూర్ఖత్వం కాదు, గాయపడ్డ జాతి ఆత్మరక్షణ అంటారు. తెల్లవాడు ప్రతి తరగతి గదిలోనూ మీకేమీ తెలియదని చెబుతుంటే మాకు ముందే తెలుసనడం తప్ప ఏం చేయగలం? ఈ వాదంలో నిజం ఉంది. అయితే అదే నగరంలో, అదే ఏళ్ళలో ఆ గాయానికి వేరే మందు తయారైంది. 1919 సూర్యగ్రహణం ఐన్‌స్టీన్ మాట నిలబెట్టిందన్న వార్త చేరగానే సాహా స్టేట్స్‌మన్ పత్రికలో పాఠకులకు దాన్ని వివరించాడు. మరుసటేడు సాహా, సత్యేంద్రనాథ్ బోస్ కలిసి చేసిన సాపేక్షతా వ్యాసాల ఇంగ్లీషు అనువాదాన్ని కలకత్తా విశ్వవిద్యాలయం అచ్చువేసింది. ముందుమాట గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్‌ది. అదే 1920లో సాహా సమీకరణం వెలువడింది. ఇంత వేడి దగ్గర, ఇంత పీడనం దగ్గర పరమాణువుల్లో ఎన్ని తమ ఎలక్ట్రాన్లను వదులుకుంటాయో అది చెబుతుంది. దానితో నక్షత్రాల వర్ణపటాల్లో కనిపించే తేడాలు ముఖ్యంగా వేడిలోని తేడాలని తేలిపోయింది. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు, కులం పేరిట చిన్నచూపు చవిచూసినవాడు, నక్షత్రాలను చదవడానికి ప్రపంచానికి ఒక వర్ణమాల ఇచ్చాడు. జాతికి ఇంతకంటే ఏం గౌరవం కావాలి?

ఆ వర్ణమాలతో 1925లో హార్వర్డ్‌లో సిసీలియా పేన్ అనే యువతి చదివినది మరీ విడ్డూరం. నక్షత్రాలు భూమి లాంటి పదార్థంతోనే చేసినవని అందరూ అనుకుంటున్న రోజులవి. ఆమె లెక్కలో మాత్రం హైడ్రోజన్ లోహాలకన్నా దాదాపు పది లక్షల రెట్లు ఎక్కువ తేలింది. ఆ రంగంలో పెద్దదిక్కయిన హెన్రీ నోరిస్ రసెల్ ఇది కుదరదన్నాడు. పేన్ తన సిద్ధాంతగ్రంథంలో ఆ అంకె దాదాపు ఖాయంగా నిజం కాదని రాసుకోవలసి వచ్చింది. నాలుగేళ్ళకు రసెలే వేరే దారిలో అక్కడికే చేరుకుని ఆమె చెప్పింది ఒప్పుకున్నాడు. ఈ కథలో ఆధునిక శాస్త్రజ్ఞుడు రసెల్ కూడా కాసేపు మన వకీలే. వకీలుకు కొత్తదంతా పాతదిగా కనిపించింది, రసెల్‌కు పాతదానికి సరిపడని కొత్త తప్పుగా కనిపించింది. ఇద్దరూ ఆశ్చర్యాన్ని గుమ్మంలోనే ఆపేశారు. తేడా అల్లా, రసెల్ మనసు మార్చుకోవడానికి దారి తెరిచి ఉంది. వేదం చదవకుండానే నమ్మిన వకీలుకు ఏది ఎదురైతే మనసు మారుతుంది?

ఈ రోగం హిందువులదే కాదు. 1951లో పోపు పన్నెండవ పయస్, విశ్వం ఒక ఆదిక్షణంలో మొదలైందన్న సిద్ధాంతం సృష్టికర్తకు సాక్ష్యమన్నట్టు మాట్లాడాడు. ఆ సిద్ధాంతానికి మూలపురుషుడు జార్జి లెమేటర్ స్వయంగా కాథలిక్ పూజారి. సంతోషించాల్సినవాడు కలవరపడ్డాడు. సమీకరణం మీద దేవుణ్ణి ఆనిస్తే, రేపు సమీకరణం మారినప్పుడు దేవుడేం కావాలన్నది ఆయన బెంగ. మరుసటేడు ఖగోళ శాస్త్రవేత్తలతో మాట్లాడినప్పుడు పోపు ఆ మాట ఎత్తలేదు. భక్తుడు గనకనే లెమేటర్ ఆ అడ్డు వేయగలిగాడు. శంకరుల నిప్పు ఉదాహరణ వెనకున్నదీ ఈ జాగ్రత్తే.

మరి రాకెట్టు నమూనాను దేవుడి పాదాల దగ్గర పెట్టడం సంగతేమిటని హేతువాదులు ఎదురు తిరుగుతారు. 2023 జూలైలో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు ఇస్రో బృందం చిన్న నమూనాతో తిరుమల వెళ్ళింది. అప్పటి అధ్యక్షుడు సోమనాథ్ సూళ్ళూరుపేటలో చెంగాళమ్మను దర్శించుకున్నారు. అంతకు రెండు నెలల ముందు ఉజ్జయినిలోని సంస్కృత విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఆయనే, బీజగణితం నుంచి విశ్వ నిర్మాణం దాకా ఎన్నో విషయాలు మొదట వేదాల్లోనివని, అరబ్బుల మీదుగా యూరప్ చేరి వాళ్ళ ఆవిష్కరణలుగా మనకు తిరిగొచ్చాయని అన్నట్టు పత్రికలు రాశాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి వెక్కిరించడం హేతువాదుల అలవాటు. నాకవి పూర్తిగా ఎదురెదురు పనుల్లా కనిపిస్తాయి. ఉజ్జయిని మాట మాకు ముందే తెలుసంటుంది. తిరుమల దండం ఏమవుతుందో మాకు తెలియదంటుంది. 2019 సెప్టెంబరులో చంద్రుడి మీద దిగబోతున్న విక్రమ్ నౌకను చివరి నిమిషాల్లో పోగొట్టుకున్నవాళ్ళు నాలుగేళ్ళు కూర్చుని లోపాలు వెతికి, దిద్ది, పరీక్షించి, ఇక తమ చేతిలో ఏమీ మిగలని చోట చేతులు జోడించారు. ఆ మొక్కు ఏ కొలతనూ మార్చలేదు, ఏ కొలతతోనూ పోటీకి దిగలేదు. అది ప్రమాణం కాదు, ప్రార్థన. సర్కారీ హోదాలో చేయవచ్చా అన్నది వేరే తగాదా, దాన్ని ఇక్కడికి లాగను.

ఇంతవరకూ సాహా వెనకే నడిచిన నేను ఒక మలుపు దగ్గర ఆయనను వదలక తప్పదు. ఇరవై ఏళ్ళపాటు వేదాలు, ఉపనిషత్తులు, పురాణాలు, జ్యోతిష గ్రంథాలు గాలించినా ఆధునిక విజ్ఞానానికి మూలమనదగ్గదేదీ దొరకలేదని ఆయన రాశాడు. చదవకుండా ఉందన్నవాడి ముందు చదివి లేదన్నవాడు ఎంతో ఎత్తు. కానీ ఇద్దరూ అడిగింది ఒకే ప్రశ్న: అందులో భౌతికశాస్త్రం ఉందా, లేదా? ఆ ప్రశ్నకు లేదని జవాబొస్తే గ్రంథానికి పనిలేదన్న ధ్వని సాహా వాదంలో వినిపిస్తుంది. 1921 నాటికి అదే విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర పీఠానికి వచ్చిన మన తెలుగింటి బిడ్డ రాధాకృష్ణన్ మతాన్ని లోకవర్ణనగా కాక అనుభవంగా చూడాలన్నారు. అనుభవమన్న మాటను ఆయన కొంచెం ధారాళంగా వాడారన్నది నా ఫిర్యాదు. అయినా సాహాకు తట్టని తలుపు అదే. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తాన్ని విజ్ఞానం కోసం తవ్వేవారికి ఏమీ దొరకదు. సృష్టి ఎలా జరిగిందో అది చెప్పదు. దేవతలు కూడా ఆ తర్వాతే పుట్టారు గనక ఎవరికి తెలుసంటుంది. ఆఖరుకు పైనుంచి చూసేవాడికైనా తెలుసో లేదో అని అనుమానం వెలిబుచ్చి ఆగిపోతుంది. ‘అన్నీ వేదంలో ఉన్నాయి’ అనేవాళ్ళకు వేదంలో ఉన్న ఈ ‘తెలియదు’ ఎందుకు కనిపించదో నాకు అర్థం కాదు.

కలకత్తాలోనే పుట్టిన ఇంకో సమీకరణానికీ ఇలాంటి చివరే ఉంది. అమల్ కుమార్ రాయ్‌చౌధురి 1955లో ప్రచురించిన ఆ సమీకరణం, గురుత్వం వల్ల పదార్థపు దారులు ఎలా ఒకచోటికి ముడుచుకుంటాయో చెబుతుంది. దాన్ని ఆసరా చేసుకునే పెన్‌రోజ్, హాకింగ్ తమ సిద్ధాంతాలు కట్టారు. 2020లో పెన్‌రోజ్‌కు నోబెల్ వచ్చేనాటికి రాయ్‌చౌధురి పోయి పదిహేనేళ్ళు. ఆ దారులు ముగిసిపోయే చోటు ఒకటి ఉండక తప్పదని ఆ గణితం చూపించింది. అక్కడ ఏముందో చెప్పడం దానికి చేతకాదు. తెలియదని ఒప్పుకున్నవాడే నేర్చుకోగలడు. రవీంద్రుడు 76వ ఏట, 1937లో, పరమాణువు నుంచి నక్షత్రలోకం దాకా పిల్లలకూ పామరులకూ చెప్పే ‘విశ్వపరిచయ్’ రాసి సత్యేంద్రనాథ్ బోస్‌కు అంకితమిచ్చాడు. ఉపనిషత్తులు ఉగ్గుపాలతో నేర్చినవాడు ముసలితనంలో విద్యార్థిగా కూర్చోవడానికి మొహమాటపడలేదు.

మన దగ్గరికొచ్చే వార్తకూ పాత తర్కం పనికొస్తుంది. తర్కసంగ్రహం రాసిన మన అన్నంభట్టు ఆప్తుడంటే ఉన్నదున్నట్టు చెప్పేవాడన్నాడు. 2025 ఏప్రిల్‌లో ఖగోళ శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం, 124 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న కె2-18బి అనే గ్రహపు వాతావరణంలో, మన సముద్రాల్లో సూక్ష్మజీవులు విడుదల చేసే ఒక వాయువు గుర్తు కనబడిందని ప్రకటించింది. అది కేవలం యాదృచ్ఛికంగా కనబడి ఉండే అవకాశం వెయ్యికి మూడు పాళ్ళుందని, అంతమాత్రాన తేలినట్టు కాదని వాళ్ళే చెప్పారు. అదే సమాచారాన్ని మళ్ళీ పరిశీలించిన వేరేవాళ్ళు ఆ మాత్రం గుర్తు కూడా నమ్మదగినది కాదన్నారు. పరగ్రహంపై జీవమని అరిచిన శీర్షికలు ‘ట’ను మింగేశాయి, పరిశోధకులు మింగలేదు. ఆప్తుడి గుర్తు అదే.

సాహా చివరి రోజుల్లో చేసిన పెద్ద పని పంచాంగ సంస్కరణ. 1952లో ఆయన అధ్యక్షతన వేసిన సంఘం దేశంలో చెలామణీలో ఉన్న ముప్పై రకాల పంచాంగాలను పరిశీలించి 1955లో నివేదిక ఇచ్చింది. 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చేసరికి ఆయన చనిపోయి ఏడాది దాటింది. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 22 ప్రాంతంలో, మనం ఉత్తరాయణ పుణ్యకాలమని సంక్రాంతి చేసుకునేది జనవరి 14న. రెండూ ఒక్క రోజున కలిసి పదిహేడు వందల ఏళ్ళు దాటింది. భూమి అక్షం మెల్లగా తిరగడంతో వచ్చిన ఎడం ఇది. సంఘం ఈ తప్పు చెప్పింది, అయినా మతపరమైన పండుగలకు పాత రాశి లెక్కతో రాజీపడింది. కోల్‌కతాలోని ఖగోళ కేంద్రం ఇప్పటికీ ఏటా ఆధునిక గణితంతో గ్రహస్థితులు కట్టి, ఆ పక్కనే పండుగలూ వేసి, తెలుగుతో సహా అనేక భాషల్లో రాష్ట్రీయ పంచాంగం వెలువరిస్తోంది. ఆ ఊరికి దిగువన గంగాసాగరంలో ప్రతి జనవరిలో కపిలముని గుడి ముందు లక్షల మంది మునుగుతారు. నీళ్ళలోంచి లేచిన ఏ ముసలమ్మకైనా, సూర్యుడు మూడు వారాల కిందటే తిరిగిపోయాడట అని చెప్పి చూడండి. అట్లాగా అని నోరు వెళ్ళబెట్టి, కొంగు పిండుకుని, ఇంకో మునక వేస్తుంది.